ఉగ్రస్తంభమునకు పోయివచ్చిన దినము



కార్తికమాసము వచ్చినదనగా మన గ్రామములనుండి కొండక్షేత్రములకు యాత్రలు బయలుదేరును. ఆ యాత్రలకు ముందు నడచు పెద్దలు మీరు. వెంట వచ్చు స్త్రీలును, పిల్లలును, ముదుసళ్లును మీ మాటనుబట్టియే నడతురు. ఎప్పుడు బయలుదేరవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఎప్పుడు వెనుకకు మరలవలెనో నిర్ణయించు భారము మీదే. కావున కొండమీద ఒకనాడు నేను చేసిన తప్పులను, అవి చేసిన పిమ్మట తెలిసికొన్న కొన్ని లెక్కలను మీకు విన్నవింపదలచితిని. నల్లమలలో రాత్రి చిక్కుకొంటిమని చెప్పగానే పులిని చూచితిరా యని అందఱును నన్నడుగుదురు. పులి మమ్మేమియు చేయలేదు. చేసినదంతయు గడియారము, వాననీరు, నా మొండిపట్టుదల.

కొండకు పోయి అనుకొన్న వేళకు ఇల్లు చేరలేకపోయినవారిలో మన తెలుగువారికందఱకు తెలిసినవాడు ప్రవరాఖ్యుడు. పెద్దన మనుచరిత్రమున ఆ బ్రాహ్మణుడు సిద్ధుడిచ్చిన పసరును కాళ్లకు పూసికొని హిమాలయమునకు పోయెను. అచ్చటి మంచునీటికి ఆ పసరు కరగిపోయెను. తిరిగి వచ్చుటకు అతనికి మఱియొక సాధనము లేదు. ఈ కథ విన్నప్పుడు మనము వరూధినిని తలచుకొందుముగాని, తిరుగుప్రయాణమంతయు ఒక్క పసరుమీద ఆధారపెట్టుకొన్న ఆ పెద్దమనిషి యమాయకత్వమును తలంపము. అయినను ప్రవరునియందొక గుణము కలదు. మధ్యాహ్నము కాగానే మిగిలిన వింతలను రేపు చూతమని అతడు మరలుటకు నిశ్చయించుకొనెను. నాకాపాటి బుద్ధియైన లేకపోయెను. నా పసరు వేఱు. అది చతుర్దశినాటి వెన్నెల.

2019వ సంవత్సరము విజయదశమి వెళ్లిన నాల్గవ దినము, అనగా ఆశ్వయుజ శుద్ధ చతుర్దశినాడు, నేనును, మా అక్కగారి భర్తయగు మా బావగారును, వారి కుమారుడును అహోబిలమున ఉగ్రస్తంభమును చూడవలెనని సంకల్పించితిమి. బావగారికప్పుడు అఱువదియొక్క యేండ్లు. మేనల్లునికి ఇరువదిరెండు. అక్కగారు దిగువ అహోబిలమున సత్రములో ఉండిపోయిరి. "చీకటి పడకముందే వత్తుము" అని మాత్రము ఆమెతో చెప్పితిమి. ఏ గంటకు వత్తుమో, ఆ గంటకు రానిచో ఎవరితో చెప్పవలెనో చెప్పలేదు.

చూడనివారికి స్థలస్వరూపము కొంత తెలుపవలెను. అహోబిలము నల్లమల కొండలలోనిది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో నుండి 2022వ సంవత్సరమున నంద్యాల జిల్లాలో చేరినది. దిగువ అహోబిలమునుండి ఎగువ గుడివఱకు 8 కిలోమీటర్ల బాట బండ్లు పోవునది. అటుపిమ్మట కాలినడకయే. భవనాశిని యను ఏటి వెంబడి, రాళ్లమీదుగా, కొంతదూరము మెట్లమీదుగా పోయిన జ్వాలానరసింహస్వామి సన్నిధి వచ్చును. అది ఎగువ గుడికి సుమారు 4 కిలోమీటర్లు. అచ్చటి సమీపమునుండి నిట్టనిలువుగా ఎక్కిన ఉగ్రస్తంభము. స్వామి ఈ స్తంభమునుండియే వెడలెనని భక్తుల విశ్వాసము. మొత్తముమీద ఎగువ గుడినుండి 8 కిలోమీటర్లని చెప్పుదురు. మన లెక్కకు రెండున్నర క్రోసులు.

ఆ రాతిని గూర్చి ఒక్క మాట చెప్పక ముందుకు పోలేను, ఏలయనగా తరువాత మాకు జరిగినదంతయు ఆ రాతి గుణమువలననే. నల్లమలలోని గట్టి రాయి ఒకప్పటి సముద్రపు టిసుక. నూఱుకోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున ఆ యిసుక పొరలు పొరలుగా పడి, భూమి బరువునకును వేడికిని కరడుగట్టి, ఒకదానికొకటి అతుకుకొని, ఉలికి లొంగని రాయియైనది. కొన్ని పలకలమీద నీటి అలల గుఱుతులు నేటికిని చేతికి తగులును. ఆ గట్టిరాతి నడుమ మెత్తని పలకరాయి పొరలు కలవు. మెత్తనిది అరిగిపోవును, గట్టిది నిలువుగా బీటలువాఱి గోడవలె నిలిచియుండును. ఉగ్రస్తంభమట్లు నిలిచినదే. ఆ రాతిలోనికి నీరు ఇంకదు. పైన మన్ను జానెడైన లేదు. నల్లరేగడి చేను ఎంత వాననైన కొంత త్రాగును. ఈ కొండ గుక్కెడు త్రాగదు. దీనిని జ్ఞప్తియందుంచుకొనుడు.

ఉదయము ఆఱుగంటలకు ఎగువ గుడివద్దనుండి నడక మొదలుపెట్టవలెనని మా యేర్పాటు. బండి దొరకుట ఆలస్యమైనది. దర్శనమున కొంత ఆలస్యమైనది. ఫలహారమునకు నేనే ఆలస్యము చేసితిని. దారి చూపుటకు కుదుర్చుకొన్న చెంచుపెద్ద మెట్లమీద కూర్చుండి మాకొఱకు ఎదురుచూచుచుండెను. మేము కదలునప్పటికి 8 గంటల 40 నిమిషములు. అతడు ఎండవంక చూచి, "సామీ, ఇంత పొద్దెక్కినాక స్తంభానికి పోగూడదు. జ్వాల చూసుకొని దిగుదాము" అనెను. నేను నవ్వి, "రేపు పున్నమి. నేడు రాత్రియంతయు వెన్నెలయే గదా" అంటిని. అతడు మఱల మాటాడలేదు. మనవారు కొందఱు అట్లు మౌనముగా నున్నవారు ఒప్పుకొన్నారని తలంతురు. నేనును అట్లే తలచితిని.

మొదటి తప్పు కాలపు లెక్కలో నున్నది. రెండున్నర క్రోసుల దూరమును మన పల్లెటూరి మనిషి బండిబాటమీద రెండు గంటలలో నడచును. ఆ లెక్కయే నా మనస్సులో నుండెను. కొండమీద లెక్క వేఱు. స్కాట్లండు దేశపు పర్వతారోహకుడు నేయిస్మిత్ అనునాయన 1892వ సంవత్సరమున ఒక సులభసూత్రము చెప్పెను. ప్రతి 3 మైళ్ల నడకకు ఒక గంట, అదిగాక ప్రతి వేయి అడుగుల ఎక్కుడునకు ఒక అరగంట కలుపుకొనవలెను. ఇది నడక యలవాటున్న దృఢకాయునికి, మంచి దారిమీద, నడుమ కూర్చుండకుండ పోయినప్పుడు. పెద్దవారు, పిల్లలు ఉన్నప్పుడు దానిని రెట్టింపు చేయుడు. రాళ్లదారియైన మఱికొంత చేర్చుడు. మూకలో అందఱికన్న మెల్లగా నడచువాని నడకయే ఆ మూకయంతటి నడక. బావగారి నడకనుబట్టి లెక్కవేసియుండినచో మేము ఆనాడు స్తంభమును చూచి వెలుతురుండగా తిరిగి రాజాలమని గుడిమెట్ల వద్దనే తెలిసియుండును.

జ్వాలకు చేరునప్పటికి పదునొకండుంబావు. అచ్చట నీడయు, నీరును కలవు. బావగారు నడుము వాల్చి, "నాకిది చాలునోయ్, మీరు పోయి రండి" అనిరి. నిజముగా ఆయన మాట విని యుండవలసినది. "ఇంతదూరము వచ్చి స్తంభము చూడకపోయిన ఏమి లాభము బావా?" అని నేను బలవంతపెట్టితిని. ఇంతదూరము వచ్చితిమి అను మాట కొండమీద ఎందఱినో చెఱచినది. వచ్చిన దూరము ఇక పోవలసిన దూరమును తగ్గింపదు. తిరిగి రావలసిన దూరమును మాత్రము పెంచును. చెంచుపెద్ద నీళ్లసీసాలన్నియు నింపుకొండని హెచ్చరించెను. లీటరు నీరు కిలోబరువు. మోయుట యెందుకని రెండు సీసాలు మాత్రమే నింపితిమి, ముగ్గుఱు మనుష్యులకు.

ఎక్కుడులో ఎండ నెత్తిమీదికి వచ్చినది. రాయి పెనమువలె కాలుచుండెను. వేడిలో కష్టపడి ఎక్కు మనిషికి గంటకు లీటరు చెమట పోవుటయు కలదు. ఒంటిగంటకు మా సీసాలు ఖాళీ. బావగారికి మొదట పిక్కలు పట్టుకొన్నవి, పిదప తల తిరిగినది, ముఖము పాలిపోయినది. చెమటలో పోవునది నీరొక్కటియే కాదు, ఉప్పును పోవును. ఉత్త నీరు త్రాగిన దప్పి తీఱినట్లుండును గాని పోయిన ఉప్పు తిరిగి రాదు. వేసవిలో దుక్కిదున్ను మన రైతు చద్దియన్నములో ఉప్పువేసికొని మజ్జిగ త్రాగుట ఊరక కాదు. కొండకు పోవునపుడు మజ్జిగ మోయలేనివారు లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆఱు సమపు చెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి తీసికొనిపోవచ్చును. చెంచాయనగా చిన్నచెంచా. ఉప్పు అంతకు మించరాదు.

ఇట్టి సొమ్మసిల్లుటకును, అసలైన వడదెబ్బకును భేదము తెలిసికొనవలెను. సొమ్మసిల్లినవాడు నీడలో పండుకొని, ఉప్పునీరు త్రాగిన గంటలో తేఱుకొనును. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, తానెచ్చటనున్నది తెలియక మాటాడువానికి తగిలినది వడదెబ్బ. వానికి అప్పటికప్పుడు ఒంటిమీద నీళ్లు చల్లి విసరి చల్లబఱుపవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు. ఆలస్యము చేయక వైద్యుని కడకు చేర్చవలెను. బావగారి మాట తిన్నగానే యుండెను. అది మా యదృష్టము.

ఇప్పుడు నేను చేసినది వినుడు. బావగారిని, మేనల్లుని ఒక చెట్టునీడను కూర్చుండబెట్టి, "అరగంటలో వత్తుము, కదలకుడు" అని చెప్పి, చెంచుపెద్దను వెంటబెట్టుకొని నేను పైకి పోయితిని. దారి తెలిసినవాడొక్కడే. ఆ యొక్కని జబ్బుపడినవాని కడనుండి తీసికొనిపోయితిని. ఈ తప్పును తలచుకొన్నపుడు నేటికిని నాకు సిగ్గగును.

2 గంటల 15 నిమిషములకు స్తంభము కడకు చేరితిమి. ఎదుట లోయ, దానికావల కొండలమీద కొండలు, క్రింద ఎక్కడనో భవనాశిని సన్నని దారమువలె. దానిని వర్ణించుటకు నాకిప్పుడు మనస్సొప్పదు. పడమటి దిక్కున మబ్బు నల్లబడి లేచుచుండెను. మెఱుపు మెఱసినది. నేను లెక్కపెట్టితిని. పండ్రెండంకెలకు ఉఱుము వినవచ్చినది. మెఱుపు క్షణములో కనబడును. ధ్వని కిలోమీటరు నడచుటకు సుమారు మూడు సెకండ్లు పట్టును. కావున పండ్రెండనగా 4 కిలోమీటర్లు. ఇంకను దూరమే గదా యని తలపరాదు. మెఱుపునకును ఉఱుమునకును నడుమ ముప్పది సెకండ్లకు లోపైనచో ఎత్తుమీద నిలుచుట ప్రాణాపాయము. పిడుగు మబ్బు క్రిందనే పడునను నియమము లేదు. ఒంటిచెట్టు క్రిందను, కొండకొనను, ఓరగా నున్న చిన్నగుహ నోటికడను నిలువరాదు. చెంచుపెద్ద లెక్క పెట్టలేదు. నా భుజముమీది సంచి తాను తీసికొని దిగసాగెను.

మూడుగంటలైన పిమ్మట ఆ చెట్టుకడకు వచ్చితిమి. అచ్చట ఎవరును లేరు.

అరగంట యని చెప్పినది ముప్పావుగంట దాటినది. వాన చినుకులు మొదలైనవి. బావగారికి కొంత తేఱుకొన్నట్లు తోచి, "మెల్లగా మనము దిగుచుందము, వారే వచ్చి కలియుదురు" అని బయలుదేరిరట. నేను గొంతెత్తి పిలిచితిని. ఉఱుమే పలికినది. ఆ నిమిషమున నా కాళ్లలో నున్న వణకు ఎక్కుటవలన కలిగినది కాదు. అక్కగారితో ఏమని చెప్పుదును?

కొంచెము దిగువ దారి రెండుగా చీలుచున్నది. ఒకటి మేము వచ్చినది. రెండవది వాననీరు పాఱి దారివలె తోచు వాగుపాయ. రాతిమీద అడుగుజాడలుండవు. చెంచుపెద్ద వంగి, మేము వచ్చిన దారికడ్డముగా రెండు పొదల నడుమ చూచెను. సాలెపురుగు మా వెనుక మఱల అల్లుకొన్న దారములు చెదరక యున్నవి. రెండవ పాయలో అట్టి దారములు తెగి వ్రేలాడుచున్నవి. ఒక రాయి బోర్లపడి దాని అడుగుతడి పైకి కనబడుచుండెను. "ఇటే పోయినారు" అనెను. నేను ఏకధాటిగా కేకలువేయుచుంటిని. అతడు నన్ను ఆపి, ఒక కేక వేసి, చాలసేపు చెవియొగ్గి నిలుచుండెను. కేక వేయుటకన్న కేకకు బదులు వినుట ముఖ్యము. పర్వతారోహకులలో ఆపదలో నున్నవారు నిమిషములో ఆఱుమార్లు ఈలవేసి, నిమిషము మిన్నకుండి, మఱల వేయు ఆచారము కలదు. విన్నవారు మూడు ఈలలతో బదులిత్తురు. గొంతు పది నిమిషములలో బొంగురుపోవును. తిరుణాళ్లలో పిల్లలకు కొను ఈల గంటలకొలది పలుకును. అది మీ యాత్రలో ప్రతివాని మెడలోను ఉండుట మంచిది.

నాలుగు గంటలకు మేనల్లుని గొంతు వినబడినది. వారు పాయవెంట చాల దిగువకు పోయిరి. నీరు పోవుదారిని పోయిన ఊరు తగులునని బావగారి నమ్మకము. మైదానమున అది నిజము కావచ్చును. గట్టిరాయియు మెత్తరాయియు పొరలుగా నున్న కొండలో నీరు పోవుదారి తఱచుగా ఒక గోడ అంచున ముగియును. నీరు దూకగలదు, మనిషి దూకలేడు. దిగినది తిరిగి ఎక్కలేని పలకలు నడుమ వచ్చును. వారికెదురైన అంచు ఒక తాటిచెట్టు లోతుండెను. బావగారు ప్రక్కగా దిగుటకు త్రోవ వెదకుచుండగా మేనల్లుడు తండ్రి చేయి పట్టుకొని, "ఇక్కడనుండి కదలము నాన్నా, మామయ్య వచ్చువఱకు కూర్చుందము" అని బలవంతముగా కూర్చుండబెట్టెను. దారితప్పినవాడు తప్పితినని తెలిసినచోటనే నిలిచిన వెదకువారి పని సులభము. వాడు కదలుచున్నకొలది వెదకవలసిన అడవి పెద్దదగుచుండును. ఆ కుఱ్ఱవానికి ఇదంతయు ఎవరు చెప్పిరో నేనెఱుగను. నాకన్న వయస్సులో సగమైన లేనివాడు నాకన్న వివేకముగా నడచుకొనెను.

వానలో, జాఱుడులో, బావగారిని నడుమ నుంచుకొని దిగితిమి. దిగుట సులభమని లోకమనుకొనును. ఎక్కునపుడు ఊపిరి అలసిపోవును. దిగునపుడు ప్రతి అడుగునను శరీరపు బరువును తొడలు ఆపవలెను. అప్పటికే అలసిన తొడలు వణకును, మోకాలు మడతపడును. కొండమీద పడువారు తఱచుగా దిగునప్పుడే పడుదురు. పైగా పోవునప్పుడు చూచిన దారికి వచ్చునప్పుడు ముఖము మాఱియుండును. పోవుచున్నపుడే అప్పుడప్పుడు వెనుదిరిగి చూచి, వచ్చునప్పుడిది ఎట్లుండునో గుఱుతుంచుకొనవలెను. చెంచుపెద్ద ప్రొద్దుటినుండియు అట్లు చేయుచుండగా నేను అలసటచేత నిలుచుచున్నాడని తలచితిని!

భవనాశిని దాటవలసిన చోటికి వచ్చునప్పటికి ఆఱుగంటల పది నిమిషములు. వాన నిలిచి గంటయైనది. ఉదయము పాదములు తడియని నీరు ఇప్పుడు తొడలబంటి, ఎఱ్ఱగా, రాళ్లను దొర్లించుకొని పోవుచుండెను. వాన నిలిచినది గదా, ఏఱు పెరిగినదేల యని మీరడుగవచ్చును. ఇందాక చెప్పిన రాతిగుణమిచ్చటికి వచ్చినది. ఒక యెకరముమీద అంగుళము వాన కురిసిన సుమారు లక్ష లీటర్ల నీరగును. చుట్టునున్న కొండ ఇంకనియ్యక దానిని జాఱవిడుచును. వేయి యెకరముల కొండపల్లమునుండి జాఱిన నీరు పదికోట్ల లీటర్లు. అదంతయు ఒక్క సన్నని లోయలోనికి వచ్చును. వచ్చుటకు కొంతసేపు పట్టును. అందుచేత మనమీద వాన నిలిచిన తరువాత ఏఱు పెరుగుటయు, ఒక చినుకైన పడనిచోట మీదినుండి వెల్లువ వచ్చుటయు కలదు.

"చేతులు పట్టుకొని దాటుదము మామయ్యా, పది బారలే గదా" అని మేనల్లుడనెను. నాకును అట్లే తోచినది, సత్రములో అక్కగారు కండ్లలో మెదలుచుండిరి. ఏటి త్రోపు దాని వేగముతోపాటు సమముగా పెరుగదు. వేగము రెట్టింపైన త్రోపు నాలుగింతలు. మూడింతలైన తొమ్మిదింతలు. మోకాలిలోతు పరుగునీరు చాలు మనిషిని పడద్రోయుటకు. చెంచుపెద్ద ఏమియు వాదింపలేదు. నీటి అంచున మూడు చిన్నరాళ్లు వరుసగా పెట్టెను. కొంతసేపటికి మొదటిది మునిగెను, పిదప రెండవది. అప్పుడతడు మమ్ము గట్టునుండి చాల ఎత్తునకు, నీరు రాజాలని ఒక రాతిచఱియ క్రిందికి తీసికొనిపోయెను.

ఇక నా వెన్నెల సంగతి. ఆనాటి చంద్రుడు సూర్యాస్తమయమునకు సుమారు ముప్పావుగంట ముందే ఉదయించియుండెను. మైదానములోనివారు చూచియుందురు. మేము లోయలో నుంటిమి. చంద్రుడు ఆకసమున గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున మీదికి వచ్చును. తూర్పుగోడ సగమాకసమును, అనగా 45 డిగ్రీలను, మూసినచోట అతని ముఖము కనబడుటకు మూడుగంటలకు తక్కువ పట్టదు. మబ్బు వేఱుగ నుండెను. ఈ లెక్కయే సూర్యునికిని వర్తించును. లోయలో ఎండ మూడుగంటలకే మాయమగును, చీకటి ఊరిలోకన్న ముందుగా వచ్చును. పంచాంగములోని అస్తమయకాలము లోయకు చెల్లదు. మావద్ద నున్న టార్చిలైటులో పాత బ్యాటరీలు. మేనల్లుని సెల్‌ఫోను ఛాయాచిత్రములకు అయిపోయినది. నా ఫోనులో ప్రాణమున్నను ఆ లోయలో మాట పోలేదు.

బావగారు వణకసాగిరి. మధ్యాహ్నము వేడికి సొమ్మసిల్లిన మనిషి రాత్రికి చలికి వణకుట నాకాశ్చర్యము కలిగించినది. మన కడవలో నీరు చల్లబడుట ఎట్లో ఇదియు నట్లే. తడి ఆఱునపుడు వేడిని లాగుకొనును. తడిబట్టకు గాలి తోడైన మన ఎండదేశములోను మనిషి చలికి ప్రమాదస్థితికి పోవచ్చును. నా సంచిలో అడుగున మడిచిన ధోవతి యొకటి పొడిగా నుండెను. తడిబట్టలు విప్పించి దానిని చుట్టబెట్టి, మేమిరువురము చెఱియొక ప్రక్క ఒఱగి కూర్చుంటిమి. అక్కగారు బలవంతముగా ఇచ్చిన బెల్లపుటచ్చు చెంచుపెద్ద నాలుగు ముక్కలు చేసెను. బావగారు చాలసేపటివఱకు మాటాడలేదు. పిమ్మట, "జ్వాల దగ్గఱ చాలునంటినిగదా" అనిరి. నేను బదులు చెప్పలేదు. ఏమున్నది చెప్పుటకు?

తొమ్మిదింముప్పావునకు చంద్రుడు గోడమీదికి వచ్చెను. పదియున్నరకు మూడు రాళ్లును బయటపడినవి. కొండవాగు ఎంతవేగముగా పొంగునో అంతవేగముగా తీయును. అందుచేత కొండవాగు కడ ఓర్పునకు గంటలు చాలును, దినములక్కఱలేదు. ఇంకొక అరగంట ఆగి, చెంచుపెద్ద కఱ్ఱతో లోతు చూచుకొనుచు ముందు నడవగా దాటితిమి. అర్ధరాత్రము దాటిన ముప్పావుగంటకు ఎగువ గుడి చేరితిమి. మెట్లమీద లాంతరుతో అక్కగారును, మఱి నలుగురు గ్రామస్థులును ఉండిరి. ఏ గంటకు వత్తుమో మేము చెప్పకపోవుటచేత, ఎప్పుడు భయపడవలెనో తెలియక ఆమె తొమ్మిదింటివఱకు సత్రములోనే కూర్చుండెనట. వచ్చినవారు తెల్లవాఱిన తరువాత వెదకుటకు పోదమని నిశ్చయించుకొనియుండిరి. ఆమె బావగారి నొసట చేయివేసి చూచెను గాని నావంక చూడలేదు.

బావగారు మూడు దినములు మంచముమీద నుండిరి. మేనల్లుడు చెంచుపెద్దకు క్రొత్త టార్చిలైటు కొని పంపెను. నేను కూలికి రెట్టింపు ఇయ్యబోగా అతడు కుదుర్చుకొన్నంతయే తీసికొని, "మళ్లీ వస్తే తెల్లవారకముందే రండి సామీ" అనెను.

2020వ సంవత్సరము సంక్రాంతి వెళ్లిన తరువాత మఱల పోయితిమి. ఈమారు బావగారే బయలుదేరదీసిరి. తెలతెలవాఱుచుండగా కదలితిమి. మనిషికి మూడు లీటర్ల నీరు, ఉప్పు, పంచదార, ముగ్గుఱి మెడలలో మూడు ఈలలు. సాయంకాలము ఐదుగంటలు దాటిన ఎవరితో చెప్పవలెనో అక్కగారికి కాగితముమీద వ్రాసియిచ్చితిమి. ఎక్కడనున్నను సరే, పండ్రెండు కొట్టగానే మరలవలెనని నలుగురము గుడిమెట్లమీద ఒప్పుకొంటిమి. పండ్రెండగునప్పటికి స్తంభము కన్నులయెదుట నున్నది. మఱి అరగంట నడక. బావగారికి అలసటయైన లేదు. ఆకసము నిర్మలముగా నున్నది. "అరగంటయే గదా, ఏమందువోయ్?" అని ఆయన నవ్వుచు నావంక చూచిరి. చెంచుపెద్ద ఒక రాతిమీద కూర్చుండి కాలిలోని ముల్లు తీసికొనుచు, విననట్లే యుండెను. నేను గడియారము చూచి చేతికఱ్ఱను దిగుదారివైపు త్రిప్పితిని. మూడున్నరకు ఎగువ గుడి మెట్లు దిగుచుంటిమి. అక్కగారికిచ్చిన కాగితమును ఆమె మడతయైన విప్పలేదు.